పిల్లికి పాలు: ఒక పాత నమ్మకము యొక్క చరిత్ర



పిల్లికి పాలు పోయవచ్చునా, కూడదా యను ప్రశ్న పెద్దలు కూర్చుండి విచారింపదగినంత గొప్పది కాదని కొందరు తలపవచ్చును. ఊరికి చెరువు, చేనికి నీరు, బిడ్డకు చదువు ముఖ్యములు గాని, పిల్లి త్రాగు గరిటెడు పాలు ఎంతటి మాట యని వారి భావము. అయినను మన ఇండ్లలో ప్రతిదినము జరుగుచు, ఎన్నడును విచారింపబడని పనులలో ఇది యొకటి. పిల్లి యనగానే మనకు పాలు జ్ఞప్తికి వచ్చును. పాలనగానే పిల్లి భయము కలుగును. ఈ రెంటికిని గల బంధుత్వము ప్రకృతి కల్పించినదా, కథలు కల్పించినదా యని శోధించినచో, మన గాదెల చరిత్రయు, మన పాడి చరిత్రయు కొంతకొంత తెలియవచ్చును. అంతేకాదు, దయతో పోసిన పాలే యొక్కొకచో ప్రాణము తీయుచున్నవి గనుక ఈ విచారము నిష్ప్రయోజనము కాదు.

తెలుగునాట ఈ నమ్మకమునకు మూలస్తంభముగా నిలిచినది తెనాలి రామకృష్ణుని పిల్లి కథ. విజయనగరమున ఎలుకలు ప్రబలెననియు, శ్రీకృష్ణదేవరాయలు ఇంటింటికి ఒక పిల్లిని, దానికి పాలు పోయుటకై ఒక ఆవును ఇప్పించెననియు కథకులు చెప్పుదురు. రామకృష్ణుడు మొదటిదినముననే పొగలు గ్రక్కు పాలను పిల్లి ముందుంచెనట. అది ఆత్రముతో మూతి పెట్టి కాల్చుకొని, అటుపిమ్మట పాలగిన్నెను చూచినంతనే పారిపోవ నారంభించెనట. ఆవు పాలు ఇంటివారికి దక్కెను. పరీక్షాదినమున తక్కినవారి పిల్లులు బలిసి కదలలేక రాగా, రామకృష్ణుని పిల్లి బక్కచిక్కి వచ్చెను. కారణ మడుగగా, ఈ పిల్లికి పాలు గిట్టవని అతడు విన్నవించి, గిన్నె తెప్పించి నిరూపించెను. ఈ కథ విని నవ్వని తెలుగు బిడ్డ యుండడు.

నవ్వు తీరిన పిమ్మట చరిత్రకారుని కన్నుతో చూతము. రాయలు రాజ్యమేలినది 1509 మొదలు 1529 వరకు. పాండురంగ మాహాత్మ్యము రచించిన రామకృష్ణకవి రాయల తరువాతి కాలమువాడని పలువురు సాహిత్యచరిత్రకారుల నిర్ణయము. పిల్లుల పంపకమునకు శాసనాధారము లేదు. కావున ఇది చరిత్ర కాదు, జనుల నోట పెరిగిన వినోదకథ. అయినను కట్టుకథయు ఒక విధమైన సాక్ష్యమే. కథ చెప్పినవారు దేనిని నిస్సందేహముగా నమ్మిరో అది బయటపెట్టును. పిల్లికి ఆహారము పాలే యని వారు నమ్మిరి. కాని కథలో మరియొక మాట కూడ దాగియున్నది. రాజు పిల్లులను పంచినది పాలు త్రాగుటకు కాదు, ఎలుకలను పట్టుటకు. పాలు దాని జీతమే గాని పని కాదు. జీతము మితిమీరినచో కొలువు చెడునని బలిసిన పిల్లులే చాటుచున్నవి.

ఇక పండితుల పెట్టెలోని పాత త్రాసును తీసి తూచి చూతము. బడిలో అమరకోశము వల్లె వేయించిన కాలమున పిల్లలకు మార్జాల నామములు చెప్పుచు వాని వ్యుత్పత్తులను కూడ చెప్పుట మా యలవాటు. మార్జాల మనగా తన్ను తాను తుడుచుకొని శుభ్రపరచుకొనునది. ఓతు వనగా ఎలుకలనుండి ఇంటిని కాపాడునది. వృషదంశ మనగా ఎలుకను కరచునది. ఆఖుభుక్కనగా ఎలుకను తినునది. బిడాల మనునది దాని యరపునుబట్టి వచ్చినదని కొంద రందురు. ఇన్ని పేళ్లలో ఎలుక మాటిమాటికి కనబడుచున్నది, పాలు ఒక్కచోటనైనను కనబడుట లేదు. హంసకు నీరక్షీర వివేకమును అంటగట్టిన మన పూర్వులు పిల్లికి క్షీరనామము ఒక్కటియు పెట్టలేదు. ఆ జంతువు దేనిచే బ్రతుకుచున్నదో పేరు పెట్టినవారికి తెలియును.

కథలయందును ఇంతే. మహాభారతము ఉద్యోగపర్వమున గంగాతీరమున చేతులు పైకెత్తి తపస్సు నటించు పిల్లి యొకటి కలదు; దానిని నమ్మి చేరిన ఎలుకలు ఒక్కొక్కటిగా దాని కడుపున పడెను. మహాబలిపురమున 7వ శతాబ్దమునాటి పెద్దశిలపై చెక్కిన శిల్పములో ఒంటికాలిపై నిలిచి తపము చేయు పిల్లియు, దాని చుట్టును ఎలుకలును నేటికిని చూడవచ్చును. చిన్నయసూరి 1853లో వెలయించిన నీతిచంద్రికలోని దీర్ఘకర్ణమను మార్జాలము గ్రుడ్డిగద్దను మాటలతో మోసగించి తిన్నది పక్షిపిల్లలను. హితోపదేశములో ఇంకొక కథ కలదు. నిద్రించు సింహము జూలును ఒక ఎలుక కొరుకుచుండగా, సింహము ఊరిలోనుండి దధికర్ణమను పిల్లిని పిలిపించి, దినదినము మాంసము పెట్టి గుహలో ఉంచుకొనెను. ఎలుక చచ్చినంతనే ఆ భోజనము నిలిచిపోయెను. పిల్లి కొలువేమో, దాని జీతమేమో, ఆ జీతము ఎంతవరకో ఈ చిన్నకథ తేటగా చెప్పినది. పేరులో దధి యున్నను దానికి పెట్టినది పెరుగు కాదు, మాంసము.

కథలు చాలవందురా, రాజనీతి గ్రంథమును చూతము. 1905లో మైసూరున శామశాస్త్రిగారి చేతికి చిక్కి, 1909లో అచ్చయిన కౌటిల్యుని అర్థశాస్త్రములో ప్రజలకు కలుగు ఉపద్రవములను గూర్చిన ప్రకరణ మొకటి కలదు. అగ్ని, వరద, రోగము, కరవు వీనితోపాటు ఎలుకల భయమును కూడ కౌటిల్యుడు లెక్కించెను. దానికి ఉపాయము పిల్లులను, ముంగిసలను విడుచుట. వానిని పట్టినవారికిని, చంపినవారికిని పండ్రెండు పణముల దండుగ. తమ కుక్కలను అదుపున ఉంచనివారికిని అంతే. అరణ్యచరులకు మాత్రము మినహాయింపు. అడవి యంచున నివసించు మనము ఆ మినహాయింపును గమనింపవలెను. వేటకుక్క లేనిదే అడవివాని బ్రతుకు సాగదని రెండువేల యేండ్లనాటి మంత్రియు ఎరిగియుండెను. పిల్లి యిచ్చట ముద్దుబిడ్డ కాదు. పంటను కాచు జీతము లేని బంటు. మనుస్మృతి సైతము పిల్లిని చంపుట పాపమని చెప్పి ప్రాయశ్చిత్తము విధించినది. అందు మూడు రాత్రులు పాలు మాత్రము త్రాగియుండుట ఒక పక్షము. ఆ పాలు పిల్లిని చంపినవానికి; పిల్లికి కాదు!

ఇప్పుడు దేశాంతరములవైపు చూతము. మధ్యధరా సముద్రములోని సైప్రసు ద్వీపమున దాదాపు 9,500 ఏండ్లనాటి ఒక మనుష్యుని సమాధి ప్రక్కనే ఎనిమిది నెలల పిల్లిని కూడ పూడ్చియుంచిరని 2004లో పరిశోధకులు ప్రకటించిరి. ఆ ద్వీపమున పిల్లులు సహజముగ లేవు. పడవలో ఎక్కించుకొని తెచ్చినవారు మనుష్యులే. ఇంటిపిల్లులన్నియు పడమటి ఆసియాలోని ఒక అడవిపిల్లి జాతినుండి వచ్చినవని 2007లో రక్తసంబంధ పరీక్షలవలన తేలినది. మనుష్యుడు గోధుమ, యవలు పండించి నిల్వచేయ నేర్చెను. నిల్వను వెదకుకొని ఎలుక వచ్చెను. ఎలుకను వెదకుకొని పిల్లి వచ్చెను. ఎవరును త్రాడు వేసి తేలేదు. ఐగుప్తదేశమున నఖ్తు అనువాని సమాధిలో, సుమారు 3,400 ఏండ్లక్రిందటి చిత్రమున, కుర్చీ క్రింద కూర్చున్న పిల్లి చేపను తినుచున్నది. ఇక మన ఉపఖండమున సింధుదేశములోని చన్హుదారో యనుచోట 1935–36లో త్రవ్వగా ఒక ఇటుక దొరికెను. ఆరవేసిన పచ్చి యిటుకపై పిల్లి పరుగెత్తెను. దాని అడుగును కొంత కప్పుచు కుక్క అడుగు పడెను. నాలుగువేల యేండ్లకు పూర్వము మొదలైన ఆ తరుము నేటికిని మన వీధులలో ఆగలేదు.

ఎలుకనుబట్టి పిల్లికి గల గౌరవము మొన్నమొన్నటివరకును ఉండెను. 1896లో బొంబాయిని మహామారి తాకినప్పుడు, ఆ వ్యాధి ఎలుకలవలనను వానిపై నుండు ఈగలవంటి చిన్న పురుగులవలనను వ్యాపించునని క్రమముగా నిర్ధారణయయ్యెను. బేరారు అమరావతిలో వైద్యాధికారియైన బుకానను, ఇంటింట పిల్లిని పెంచుట మహామారికి అడ్డుకట్ట యని 1908 ప్రాంతమున వైద్యపత్రికలలో వాదించెను. నేడు మన వరిపొలములలో ఎలుకల మూత్రమువలన వచ్చు జ్వరమును ఎరిగినవారికి ఆ మాట పూర్తిగ పాతబడినది కాదు.

ఇంతకును పాలు ఎచ్చటినుండి వచ్చెను? నా యభిప్రాయము చెప్పెదను. పిల్లి గాదె కాచుటకు ఇంటిలో అడుగుపెట్టి, వంటయింటిలో పాలను కనిపెట్టినది. దాలిలో సన్నని సెగపై ఎఱ్ఱగా కాగి, మందముగా మీగడ కట్టిన పాలు ఒకప్రక్క. ఉట్టిపై వెన్నకుండ ఒకప్రక్క. పిల్లి శాపములకు ఉట్లు తెగునా యను సామెత పుట్టినది అందువలననే. కన్నులు మూసికొని పాలు త్రాగుచు తన్నెవరును చూచుట లేదని తలచు పిల్లి మాట ఎరుగని ఊరు లేదు. గిన్నెలోపడిన వెన్నెల కిరణములను పాలని భ్రమించి పిల్లి నాకుచున్నదని వర్ణించిన సంస్కృత శ్లోకమును సుభాషితాభిమాను లెరుగుదురు. ఈ సాక్ష్యములన్నియు పరికింపుడు. సామెతలలో పిల్లి పాలు పోయబడినది కాదు, పాలు దొంగిలించినది. ఉట్టి కట్టినది పిల్లికి పాలు అందకుండుటకు. దొంగిలించినదానిని ఇష్టమైన ఆహారమనియు, ఇష్టమైనదానిని హితమైన ఆహారమనియు మనము క్రమముగా తలచితిమి. ఇష్టము వేరు, హితము వేరని ఆయుర్వేదము చదివిన ప్రతివాడును ఎరుగును. పిల్లి విషయమున మాత్రము మరచితిమి.

అది పాలను ఏల ఇచ్చగించునో కూడ నేడు తెలిసినది. తీపి కొరకు కాదు. పిల్లి జాతికి తీపి రుచి తెలియజేయు అంగము నాలుకపై పనిచేయదని, దానికి మూలమైన బీజాంశము చెడిపోయినదని 2005లో అమెరికాలోని ఫిలడెల్ఫియా పరిశోధకులు కనుగొనిరి. ఇంటిపిల్లికే కాదు, పెద్దపులికిని అంతే. బెల్లపుముద్దయు, మట్టిముద్దయు వానికి తీపిలో సమానమే. పిల్లిని పాలవద్దకు లాగునది మీగడలోని కొవ్వు, పాలలోని మాంసకృత్తులు, వాని వాసన.

ఈ సందర్భమున మన ప్రాంతము ఒక మంచి నిదర్శనమును చూపుచున్నది. ఖమ్మము మాగాణి పల్లెలలో ఇంటింట గేదె యుండును. పిల్లికి పాలన్నము పెట్టుట సాధారణము. అచ్చటినుండి కొత్తగూడెము, పాల్వంచ, బూర్గంపాడు మీదుగా గోదావరి దాటి భద్రాచలపు అడవులలోనికి పోయినచో కోయగూడెములు వచ్చును. ఆవుపాలు దూడసొమ్మని భావించి పూర్వము చాల గూడెములలో ఆవులను పిదుకుటయే లేదు; పశువు దుక్కికి, ఎరువుకు. జొన్నయు, వరియు నిల్వచేసిన గుమ్ములవద్ద అచ్చటను పిల్లి యుండెను. పాలచుక్క ఎరుగకయే అది తరతరములుగా బ్రతికినది, పిల్లలను కన్నది, ఎలుకలను పట్టినది. కిన్నెరసాని యొడ్డున తుప్పలలో తిరుగు అడవిపిల్లి ఏ పాడియావు పాలు త్రాగి బలిసినది? గేదెలున్న ఊరి పిల్లికి పాలు కావలెనని తోచుట పిల్లి స్వభావము కాదు, ఊరి స్వభావము.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. పాలు పిల్లికి హాని చేయునా? పాలలో నూటికి దాదాపు అయిదు పాళ్లు పాలచక్కెర యుండును. దానిని లాక్టోజు అందురు. ఆవుపాలయందును, గేదెపాలయందును ఇది రమారమి సమానమే. గేదెపాలలో కొవ్వు మాత్రము హెచ్చు. ఈ చక్కెరను కడుపులో విడగొట్టుటకు లాక్టేజు అను జీర్ణరసము కావలెను. తల్లిపాలు త్రాగు ప్రతి జంతుశిశువునకును అది సమృద్ధిగా ఉండును. పాలు మానిన పిమ్మట తగ్గిపోవును. పిల్లిపిల్ల ఏడెనిమిది వారములకు తల్లిపాలు మానును; ఆ తరువాత నెలనెలకు ఆ శక్తి సన్నగిల్లును. అట్టి పిల్లి గిన్నెడు పాలు త్రాగినచో, జీర్ణముకాని చక్కెర ప్రేగులలోనికి దిగి, నీటిని లాగి, అచ్చట పులిసి, వాయువును, నొప్పిని, నీళ్ల విరేచనములను కలిగించును. ఒక్కొక్కప్పుడు వాంతియు అగును. ఇది మనుష్యులకును క్రొత్త కాదు. పాలు త్రాగిన కడుపు ఉబ్బును గాని మజ్జిగ పడునని చెప్పు వృద్ధులు మనలో ఎందరో కలరు. పెరుగు తోడుకొనునప్పుడు పాలచక్కెరలో కొంతభాగము పులుపుగా మారుటయే అందులకు కారణము.

అన్ని పిల్లులును ఒకేవిధముగా ఉండవు. చిన్ననాటినుండి రెండుమూడు చెంచాలు త్రాగుచు ఏ బాధయు లేక తిరుగు పిల్లులు కలవు. కావున పాలు విషమనుట అతిశయోక్తి. పాలు ఆహారమనుట అంతకుమించిన అతిశయోక్తి. పెద్దపిల్లి గిన్నె అడుగున మిగిలిన పాలు నాకినచో ఇల్లు మునుగదు. విరేచనము మృదువైనచో ఆ అలవాటు మాన్పవలెను. దానికి నిత్యము కావలసిన పానీయము ఒక్కటే, మంచినీరు. ఎండకాలమున మన ప్రాంతపు వడగాడ్పులలో పాలగిన్నెకంటె నీళ్ల మూకుడు వేయిరెట్లు పుణ్యము.

శాకాహారుల గృహములకు ప్రత్యేకముగా ఒక మాట విన్నవించుకొందును. నేనును అట్టి ఇంటివాడనే. మన ఇంటిలో మాంసము పొయ్యి యెక్కదు గనుక పిల్లికి పాలన్నమును, పెరుగన్నమును పెట్టి, అదియు మనవలె సాత్త్వికముగా బ్రతుకుచున్నదని సంతోషింతుము. కాని పిల్లి శరీరము మాంసమునకే నిర్మింపబడినది. టారిను అను ఒక పదార్థము జంతుమాంసముననే దొరకును. పిల్లి దానిని తన శరీరమున చాలినంత తయారుచేసికొనలేదు. అది లోపించినచో పిల్లికి కన్నుల చూపు పోవునని 1975లోను, గుండె వాచి బలహీనపడునని 1987లోను పరిశోధకులు వెల్లడించిరి. పాలన్నముననే పెరిగిన పిల్లి చాటున ఎలుకను, తొండను పట్టి తినుచు తన ప్రాణమును తానే కాపాడుకొనుచున్నది. అది మన యన్నపు మహిమ కాదు. దొంగజపము చేయువానికి బైడాలవ్రతికుడని స్మృతికారులు పేరు పెట్టిరి. మన వ్రతమును పిల్లిపై మోపి, అది వ్రతము చేయుచున్నదని తలచుట దానికి తలక్రిందులైన బైడాలవ్రతమే. ఇంటిలో చేప, మాంసము పెట్టుట ఇష్టములేనివారు పిల్లిని కట్టడి చేయక, వేటకు విడిచిపెట్టుట ధర్మము.

ఇంతవరకు చెప్పినది పెద్దపిల్లిని గూర్చి. నేను ముఖ్యముగా చెప్పవలెనని వచ్చినది పిల్లికూనలను గూర్చి. తల్లి కుక్కలవాత పడుటయో, బండిక్రింద నలుగుటయో తటస్థించి, గడ్డివామిలో కన్నులు తెరువని కూనలు అరచుచుండును. చూచిన పిల్లవాని గుండె కరగును. ఇంటిలోని గేదెపాలను గిన్నెతో తెచ్చి, కూనను వెల్లకిల పట్టి, దూదివత్తితో నోట పిండును. రెండవదినమునకు కూనకు విరేచనములు మొదలగును, మూడవదినమునకు కదలదు. పిల్లవాడు ఏడ్చును, పెద్దలు దాని ఆయువు తీరినదని ఓదార్తురు. ఆయువు తీరుట కాదు. తల్లిపిల్లి పాలలో మాంసకృత్తులు ఆవుపాలకంటె రెండింతలుండును. కడుపు నిండుటకు ఆవుపాలు హెచ్చుగా పోయవలెను, హెచ్చుగా పోసినకొలది పాలచక్కెర మీరును. అరచేతిలో ఇముడు ప్రాణికి రెండు విరేచనములు చాలును, ఒంటిలోని నీరంతయు పోవును. వెల్లకిల పట్టి పోసిన పాలు ఊపిరితిత్తులలోనికి పోయిన అదియొక మృత్యువు. మేకపాలు తేలిక యని కొందరందురు; వానియందును పాలచక్కెర కలదు గనుక అవియు తల్లిపాలకు బదులు కావు.

మరి ఏమి చేయవలెను? మొదట కూనకు వెచ్చదనము కావలెను. చల్లబడిన కూనకు ఏది పోసినను అరుగదు. పాతగుడ్డలో చుట్టి, వెచ్చని నీటి సీసాను ప్రక్కన ఉంచవలెను. ఊరిలో పాలిచ్చు వేరొక తల్లిపిల్లి యున్నచో, దాని పిల్లలలో కలిపి చూచుట అన్నిటికంటె ఉత్తమము. పలుమారు అది అంగీకరించును. అది లేనప్పుడు పశువైద్యశాలలో అడిగి, పిల్లికూనలకై తయారుచేసిన పాలపొడిని తెచ్చి, కూనను బోర్ల ఉంచి, తల కొంచెము ఎత్తి, రెండుమూడు గంటల కొకసారి కొలదికొలదిగా పట్టవలెను. పట్టిన ప్రతిసారి తడిగుడ్డతో దాని క్రింది భాగమును మెల్లగా తుడువవలెను. తల్లి నాకినట్లు తుడిచినగాని పసికూన మలమూత్రములను విడువలేదు. నాలుగు వారములు దాటిన పిమ్మట మెత్తగా ఉడికించి నలిపిన మాంసమో, చేపయో కొంచెము కొంచెముగా అలవాటు చేయవచ్చును.

ఇంక రెండు హెచ్చరికలు. పచ్చిపాలు పిల్లికి పోయరాదు. పూర్వము ఐరోపాలో క్షయరోగము గల ఆవుల పాలు త్రాగి పిల్లులు క్షయకు లోనైనవి. 2024 మార్చిలో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున పక్షిజ్వరము సోకిన ఆవుల పచ్చిపాలను త్రాగిన పాడిశాల పిల్లులలో సగమునకు పైగా చచ్చెను. కాచిన పాలను గూర్చి రామకృష్ణుని పిల్లి భయపడినది గాని, కాచని పాలే భయపడదగినవి. రెండవది: ఎలుకలమందు తిన్న ఎలుకను తిని పిల్లి గిలగిల కొట్టుకొనునప్పుడు పాలు విరుగుడని నోట పోయుదురు. పాలు ఆ విషమునకు విరుగుడు కాదు; తెలివి తప్పిన జంతువు నోట ఏది పోసినను ఊపిరి కడ్డుపడును. వెంటనే పశువైద్యుని యొద్దకు తీసికొనిపోవుటయే మార్గము. పిల్లి యున్న ఇంటిలో విషము పెట్టకుండుట అంతకంటె మేలైన మార్గము. కొలువుకాని జీతములో విషము కలుపుట న్యాయము కాదు గదా.

మహాశయులారా, పాతకథలను తోసిపుచ్చుమని నేను చెప్పుట లేదు. రామకృష్ణుని పిల్లి కథను మనుమలకు తప్పక చెప్పుడు, వారితో కలిసి నవ్వుడు. కథ ముగిసిన పిమ్మట మాత్రము, నిజముగా పిల్లికి ఏమి కావలెనో కూడ చెప్పుడు. ఎలుకనుబట్టి అది మన ఇంటికి వచ్చినది. మన ధాన్యమును కాచినది. మన పాలను కొంచెము దొంగిలించినది. ఆ దొంగతనమును క్షమింపవచ్చును గాని, దానిని దాని ఆహారముగా ఎంచుట మాత్రము పొరపాటు. ఇంట మిగిలిన గ్లాసెడు పాలు ఇంటి బిడ్డకు చెందవలెను. పిల్లికి నీళ్ల మూకుడు, గాదె క్రింద నిశ్శబ్దము, దిక్కులేని కూనకు వెచ్చని గుడ్డ చాలును. దయకు తెలివి తోడైననాడు మీ ఊరి గడ్డివాములలో కొన్ని చిన్నప్రాణములు మూడవదినము దాటి బ్రతుకును.